కుట్ర కథలో కారణానికి చోటెక్కడ?

రెండేళ్ల కిందట ఒక యువ రచయిత తన కథ రాతప్రతి ఇచ్చి అభిప్రాయం చెప్పమన్నారు. ఇతివృత్తం కొలంబియా షటిల్ ప్రమాదం. 2003 ఫిబ్రవరి 1న కల్పనా చావ్లాతో సహా ఏడుగురు వ్యోమగాములు, మరో పదహారు నిమిషాల్లో నేలకు దిగుతారనగా, అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం మీద నౌకతోపాటే ఛిన్నాభిన్నమైపోయిన సంగతి తెలిసిందే. ఈ కథలో మాత్రం అది ప్రమాదం కాదు. నౌకలో అమెరికా సైన్యానికి చెందిన రహస్య పరికరం ఒకటి ఉంటుంది. దాని గుట్టు కల్పనకు తెలిసిపోతుంది. భూమ్మీద ఒక చీకటి గదిలో ఎవరో ఒక మీట నొక్కుతారు. కథ చివర కర్నాల్‌లో ఆమె చదువుకున్న బడి పిల్లలు ఆకాశంకేసి చూస్తూ నిలబడిపోతారు. ఆ ఘట్టం నన్ను కదిలించింది. సామ్రాజ్యవాద స్వభావాన్ని బట్టబయలు చేసిన కథ అని నాలుగు మంచి మాటలు రాసి పంపాను.

ఆ తర్వాత, ప్రమాదంపై దర్యాప్తు సంఘం 2003 ఆగస్టులో ఇచ్చిన నివేదిక చదివాను. నా మాటలు ఎంత తొందరపాటువో అప్పుడు అర్థమైంది. కథలో వాస్తవాలు తప్పడం ఒక్కటే దోషమైతే దిద్దుకోవచ్చు. నివేదికలో కనిపించే నేరం కథలో కనిపించే నేరం కంటే పెద్దది. కుట్రను చూపించబోయి ఆ కథ అసలు నేరాన్ని దాచిపెట్టింది. దాన్ని మెచ్చుకుని నేనూ దాచిపెట్టాను. ఇది ఆ ఒక్క రచయిత సమస్య కాదు. అన్యాయాన్ని చిత్రించాలనుకునే ప్రతి రచయితకూ ఎదురయ్యే సమస్య. అందుకే ఈ వ్యాసం.

కుట్ర కథ నడక

షటిల్ ప్రమాదాల చుట్టూ, రహస్య అంతరిక్ష యాత్రల చుట్టూ పుట్టిన ప్రచారాలను వట్టి పుకార్లుగా కొట్టిపారేయడం తేలిక. సాహిత్య విద్యార్థులు వాటిని కథనాలుగా పరిశీలించడం మేలు. వాటికి ఒక నిర్మాణం ఉంది. సంఘటన పెద్దది కాబట్టి దాని వెనక అంతే పెద్ద సంకల్పం ఉండాలన్నది మొదటి సూత్రం. ఆధారం లేకపోవడమే ఆధారమన్నది రెండో సూత్రం. దొరకలేదంటే అంత బాగా దాచారన్నమాట! అలాంటి కథకు ముగింపు ఉండదు, ఓటమీ ఉండదు.

1986లో కూలిన ఛాలెంజర్ వ్యోమగాములు నిజానికి చనిపోలేదనీ, మారు పేర్లతో బతుకుతున్నారనీ ఒక ప్రచారం ఉంది. పోలికలున్న మనుషుల ఫోటోలు పక్కపక్కన పెట్టి చూపిస్తారు. ఈ 'రుజువు'ల్లో మరణించినవారి సొంత అన్నదమ్ములు కూడా ఉన్నారు! తోడబుట్టినవాడికి పోలికలు రాక ఎవరికొస్తాయి? అన్నను పోగొట్టుకున్న మనిషిని పట్టుకుని నువ్వే మీ అన్నవు అనడంలోని క్రూరత్వం ఆ కథకులకు తట్టదు. ఆ కథలో మనుషులకు చోటు లేదు, ముఖాలకే చోటు.

కొలంబియా విషయంలో మరొకటి పుట్టింది. ఆ నౌకలో ఇలాన్ రామోన్ అనే ఇజ్రాయెలీ వైమానికాధికారి ఉన్నారు. 1981లో ఇరాక్ అణు రియాక్టర్‌పై జరిగిన బాంబుదాడిలో ఆయన పాల్గొన్నారు. నౌక శకలాలు రాలిన ప్రాంతంలో పాలస్తీనా పేరే ఉన్న ఊరొకటి ఉంది. ఇంకేం కావాలి? నౌక సుమారు 60 కిలోమీటర్ల ఎత్తున, ధ్వనికి దాదాపు పద్దెనిమిది రెట్ల వేగంతో పోతోందన్న సంగతి కథకు అడ్డం రాలేదు. పేర్ల పోలికతో అర్థాలు తీయడం శకున శాస్త్రం చేసే పని. పిల్లి ఎదురైందని ప్రయాణం మానుకునే వాణ్ణి చూసి నవ్వే మనం ఈ కథల దగ్గర ఎందుకు ఆగుతున్నాం? వీటిలో పాలకుల మీద కోపం ఉన్నట్టు కనిపిస్తుంది గనక. ఆ కోపం నిజమైనదేనా అన్నది చూడాలి.

రాని ఫోను

ఛాలెంజర్ 1986 జనవరి 28న బయల్దేరిన 73 సెకండ్లకు విచ్ఛిన్నమైంది. అందులో క్రిస్టా మెకాలిఫ్ అనే బడిపంతులమ్మ ఉంది. పదకొండు వేలమందికి పైగా దరఖాస్తు పెట్టుకున్న ఉపాధ్యాయుల్లోంచి ఎంపికైంది. ఆకాశంలోంచి పాఠం చెప్పవలసిన మనిషి. దేశమంతటా బడిపిల్లలు తరగతి గదుల్లో కూర్చుని టీవీలో చూస్తుండగా ఆ ఘోరం జరిగింది. నేనూ బడిపంతులునే కాబట్టి ఆ దృశ్యం దగ్గర నేను ఆగకుండా పోలేను.

ఆ రాత్రే అధ్యక్షుడు రేగన్ అమెరికా కాంగ్రెసు ముందు వార్షిక ప్రసంగం చేయవలసి ఉంది. ఆకాశంలో ఉన్న పంతులమ్మను ప్రస్తావించి చప్పట్లు కొట్టించుకోవడం కోసం వైట్‌హౌస్ నుంచి ఫోను వచ్చిందనీ, అందుకే చలిలో నౌకను ఎగరేశారనీ వదంతి పుట్టింది. నాకు తెలిసిన కుట్ర కథల్లో నమ్మబుద్ధేసేది ఇదొక్కటే. రేగన్ రాజకీయాలు తెలిసినవారెవరైనా 'చేసే ఉంటాడు' అనుకుంటారు. ప్రమాదంపై వేసిన రోజర్స్ సంఘం ఈ సంగతి విచారించింది. అలాంటి ఒత్తిడికి ఆధారం దొరకలేదు.

ప్రభుత్వం వేసిన సంఘం మరేం చెబుతుందని పాఠకులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ అదే సంఘం ముందు బయటపడిన విషయాలు ఫోను కథ కంటే ప్రభుత్వానికి ఎక్కువ అవమానకరమైనవి. షటిల్ బూస్టర్లను యూటా రాష్ట్రంలో మార్టన్ థయొకోల్ అనే ప్రైవేటు కంపెనీ ముక్కలుగా తయారు చేసేది. రైల్లో ఫ్లోరిడాకు తెచ్చి ఒకదానిమీద ఒకటి కూర్చేవారు. అతుకుల్లోంచి మంట బయటికి రాకుండా రెండేసి రబ్బరు రింగులు అడ్డు. మంట అంటుకున్న క్షణంలో అతుకు కాస్త తెరుచుకుంటుంది. రబ్బరు వెంటనే సాగి ఆ సందు మూయాలి. చలికి రబ్బరు గట్టిపడితే మూయలేదు. రోజర్ బోజలీ అనే కంపెనీ ఇంజనీరు 1985 జులైలోనే దీన్నిగురించి పైవారికి హెచ్చరికగా రాశారు. ప్రయోగానికి ముందు రాత్రి టెలిఫోన్ సమావేశంలో ఆయన, ఆయన సహచరులు 53 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 12 డిగ్రీల సెల్సియస్ కంటే చలిలో ఎగరేయవద్దని వాదించారు. నాసా అధికారులు విసుక్కున్నారు. కంపెనీ పెద్దలు కాసేపు తమలో తాము మాట్లాడుకుంటామన్నారు. ఇంజనీరింగ్ విభాగానికి పెద్ద అయిన వ్యక్తితో పై అధికారి, ఇంజనీరు టోపీ తీసి మేనేజరు టోపీ పెట్టుకోమన్నాడు. నలుగురు మేనేజర్లు నిర్ణయం చేశారు. ఇంజనీర్లను ఓటు అడగలేదు. మర్నాడు నౌక ఎగిరినప్పుడు వాతావరణం సుమారు 2 డిగ్రీల సెల్సియస్.

ఎవరు ఫోను చేశారు? ఎవరూ చెయ్యలేదు. చెయ్యవలసిన అవసరం లేదు. 1985లో తొమ్మిది యాత్రలు జరిగాయి. 1986లో పదిహేను జరపాలని లెక్క. 1990 నాటికి ఏటా ఇరవైనాలుగు. షటిల్ చవక అనీ, బస్సులా తిరుగుతుందనీ చెప్పి నిధులు తెచ్చుకున్న సంస్థకు ఆ లెక్కే ఫోను. పెద్ద కొనుగోలుదారుకు ఎదురు చెప్పలేని కంపెనీకి కాంట్రాక్టే ఫోను. దుర్ఘటనకు అవకాశం లక్షలో ఒకటి అని మేనేజర్లు అంచనా వేస్తే, పనిచేసే ఇంజనీర్లు వందలో ఒకటి అన్నారని సంఘం సభ్యుడు, భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ రాశారు. లక్షకూ వందకూ మధ్య ఉన్న దూరమే ఆ వ్యవస్థ స్వరూపం.

ఇక్కడ కుట్ర కథ అసలు గుణం తెలుస్తుంది. పాలకులను తిడుతున్నట్టు కనిపిస్తూనే అది వారికి సర్వజ్ఞత్వం కట్టబెడుతుంది. వారికి అంతా తెలుసు, అంతా వారి చేతిలో ఉంది, వారు తలచుకుంటేనే నౌక కూలుతుంది! నిజంలో వారికి తెలియదు. తెలిసినవాడు చెబితే వినరు. వినకపోవడానికి కావలసిన కాగితాలు మాత్రం సక్రమంగా ఉంటాయి. డయాన్ వాన్ అనే సామాజిక శాస్త్రవేత్త ఈ నిర్ణయాన్ని ఏళ్ల తరబడి పరిశోధించి 1996లో గ్రంథం ప్రచురించారు. నియమాలు ఉల్లంఘించిన దుర్మార్గుల కథ వెతకబోయిన ఆమెకు నియమాలు పాటించిన మనుషులు కనిపించారు. రింగు మొదటిసారి కాలినప్పుడు అది ప్రమాద సంకేతం. నౌక క్షేమంగా తిరిగొచ్చింది కాబట్టి రెండోసారి అది మామూలు. మూడోసారి అది లెక్కలోకే రాదు. తప్పు అలవాటై ఒప్పుగా చలామణీ కావడం ఇది. మన కార్యాలయాల్లో, మన బడుల్లో ఇది మనకు కొత్తా?

మసి చెప్పిన నిజం

అయితే రహస్యాలు లేవా అని అడగవచ్చు. ఉన్నాయి. షటిళ్లలో కొన్ని యాత్రలు పూర్తిగా సైన్యం కోసమే జరిగాయి. వాటిలో మొదటిది 1985 జనవరి 24న బయల్దేరిన డిస్కవరీ యాత్ర. మోసుకెళ్లిన సరుకేమిటో చెప్పలేదు. కుట్ర కథకుడి చూపంతా ఆ సరుకు మీదనే. కానీ అప్పటిదాకా జరిగిన ప్రయోగాల్లో అతి చలిలో జరిగింది అదే. అతుకు దగ్గర ఉష్ణోగ్రత 53 డిగ్రీల ఫారెన్‌హీట్. సముద్రంలోంచి బూస్టర్లు తెచ్చి విప్పి చూస్తే, రెండు రింగుల మధ్య జిడ్డు నల్లగా మాడిపోయి ఉంది. వేడి వాయువు మొదటి రింగును దాటి వచ్చిందన్నమాట. బోజలీ భయానికి మూలం ఆ మసి. సంవత్సరం తర్వాత ఆ రాత్రి ఆయన 53 అన్న అంకెను పట్టుకుని వాదించడానికి కారణమూ అదే.

సరుకు రహస్యం. మసి రహస్యం కాదు. కంపెనీ కాగితాల్లో, నాసా కాగితాల్లో ఉంది. ఆ రహస్య యాత్రలో వెళ్లిన వ్యోమగాముల్లో ఎలిసన్ ఒనిజుకా ఒకరు. హవాయి దీవుల్లో పుట్టిన వైమానికాధికారి. ఆయనకు అది మొదటి యాత్ర. రెండోది ఛాలెంజర్. తనను ఒకసారి క్షేమంగా దింపిన బూస్టరు రింగుల్లోనే తన చావు గురించిన హెచ్చరిక ఉంది. ఏ కల్పనా రచయిత అయినా ఇంతకంటే గొప్ప విషాద సూత్రం కల్పించగలడా? కుట్ర కథలు ఆ యాత్రను ఏళ్ల తరబడి తిరగేశాయి; ఈ సూత్రం మాత్రం వాటి చేతికి చిక్కలేదు.

రహస్యం చేసే అసలు హాని ఏమిటో 1988 డిసెంబరు 2న బయల్దేరిన అట్లాంటిస్ యాత్ర చెబుతుంది. అదీ సైనిక యాత్రే. పైకి పోయేటప్పుడు కుడి బూస్టరు కొసనుంచి ఊడిన పదార్థం తగిలి, వేడినుంచి కాపాడే పలకలు ఏడు వందలకు పైగా దెబ్బతిన్నాయి. ఒకటి పూర్తిగా ఊడిపోయింది. వ్యోమగాములు కెమెరాతో చూసి నిర్ఘాంతపోయారు. యాత్ర రహస్యం కాబట్టి చిత్రాలను సంకేత భాషలోకి మార్చి పంపవలసి వచ్చింది. అవి మసకబారి చేరాయి. కింద ఉన్న ఇంజనీర్లు అవి వెలుగునీడలే అనుకుని ఫరవాలేదన్నారు. నౌక నాయకుడు గిబ్సన్ తాము బతకమనే నిశ్చయానికి వచ్చారు. ఊడిన పలక అడుగున యాంటెన్నా కోసం మందపాటి లోహపు పలక ఉండటంవల్ల బతికి వచ్చారు. ఇక్కడ రహస్యం ఎవరినీ చంపాలని చూడలేదు. బొమ్మను మసకబరిచింది, అంతే. పదిహేనేళ్ల తర్వాత కొలంబియాను కూల్చిన ప్రమాదం కూడా ఈ జాతిదే.

చెరిపిన ముఖం

మనవైపు చూసుకోకుండా అమెరికా తప్పులే లెక్కపెడితే విమర్శ అనిపించుకోదు. సోవియట్ వ్యోమగాములు ఎందరో అంతరిక్షంలో దిక్కులేకుండా చనిపోయారనీ, గగారిన్ మొదటివాడు కాదనీ 1960ల నుంచి ప్రచారం ఉంది. ఇటలీలో ట్యూరిన్ దగ్గర ఇద్దరు సోదరులు రేడియోలో వారి చివరి మాటలు విన్నామన్నారు. ఆ కథలకు రుజువు దొరకలేదు. మన అభ్యుదయ రచయితలు వాటిని శత్రు ప్రచారంగా తోసిపుచ్చారు. తోసిపుచ్చడం సరైనదే. కానీ అంతటితో ఊరుకోవడం సరికాదు.

వాలెంతీన్ బొందరెంకో అనే ఇరవైనాలుగేళ్ల శిక్షణార్థి 1961 మార్చి 23న, గగారిన్ యాత్రకు మూడు వారాల లోపే, ఆక్సిజన్ నిండిన గదిలో నిప్పంటుకుని చనిపోయాడు. స్పిరిట్‌తో తడిపిన దూది వేడి పొయ్యి మీద పడటం కారణం. పాతికేళ్లపాటు దాన్ని లోకానికి చెప్పలేదు. 1986లో గొలొవానొవ్ అనే పాత్రికేయుడు ఇజ్వెస్తియాలో రాశాకే తెలిసింది. గ్రిగోరి నెల్యుబొవ్ అనే మరో శిక్షణార్థిని క్రమశిక్షణ తప్పాడని 1963లో తీసేశారు. తర్వాత తొలి దళం ఫోటోలోంచి అతని ముఖాన్నీ చెరిపేశారు. చెరపని ఫోటో, చెరిపిన ఫోటో రెండూ బయటికొచ్చాయి. ఖాళీ జాగాలో జనం కథ రాసుకున్నారు. ముఖం చెరిపినవాడే ఆ పుకారుకు మొదటి రచయిత కాడా?

కుట్ర కథ అజ్ఞానంలోంచి పుడుతుందని మనం పాఠాలు చెబుతాం. అది సగం నిజం. మిగతా సగం, అధికారం దాచిన చోటల్లా అది మొలుస్తుంది. ఛాలెంజర్ విచ్ఛిన్నమైన క్షణంలోనే అందరూ మరణించారని జనం అనుకున్నారు. నెలల తర్వాత, వారిలో కొందరు ఆ తర్వాతా సజీవంగా ఉండి ఉండవచ్చని నాసా నివేదికే ఒప్పుకుంది. దొరికిన నాలుగు అత్యవసర గాలి పొట్లాల్లో మూడింటిని తెరిచి ఉన్నారు. ఈ మాట మొదట్లోనే నెమ్మదిగా, గౌరవంగా చెప్పి ఉంటే తర్వాత పుట్టిన నీచమైన కథల్లో సగం పుట్టేవి కావు.

అయిదు నిమిషాల నిజం

ఈ ధోరణికి కళారూపమిచ్చిన చిత్రం పీటర్ హైయమ్స్ తీసిన 'కాప్రికార్న్ వన్'. 1978లో అమెరికాలో విడుదలైంది. అంగారక యాత్రకు బయల్దేరిన ముగ్గురిని చివరి నిమిషంలో నౌకలోంచి దింపేస్తారు. ఖాళీ నౌక ఎగురుతుంది. స్టూడియోలో వేసిన సెట్టుమీద 'అంగారకుడిపై' నడిపిస్తారు. తిరుగు ప్రయాణంలో ఖాళీ నౌక కాలిపోవడంతో లోకం దృష్టిలో ఆ ముగ్గురూ మృతులు. ఇక వారు బతికి ఉండకూడదు!

పట్టుగా తీసిన చిత్రమే. కానీ దాని మొదట్లో ఒక ఘట్టం ఉంది. ముగ్గురినీ ఎందుకు దింపారో అధికారి చెబుతాడు: ప్రాణవాయువు అందించే వ్యవస్థను కాంట్రాక్టు కంపెనీ లాభం కోసం నాసిరకంగా చేసింది, వెళ్లి ఉంటే చచ్చేవారు, ఆ సంగతి బయటపడితే నిధులు ఆగిపోతాయి. ఛాలెంజర్‌కు ఎనిమిదేళ్ల ముందే చిత్రకారుడి చేతికి అసలు కథ చిక్కింది! లాభం, నాసిరకం సరుకు, నిధుల భయం, నోరు మూయించడం. అయిదు నిమిషాలు దాన్ని పట్టుకుని వదిలేశాడు. మిగతా చిత్రమంతా ఎడారి, హెలికాప్టర్లు, వెంటాడటం. ఆ కంపెనీ ఏమైందో, ఆ యంత్రం చేసిన పనివాళ్లెవరో, దాన్ని పరీక్షించి సంతకం పెట్టినవాడెవరో ఎవరూ అడగరు. కుట్ర వచ్చి కారణాన్ని మింగేసింది. ఇతివృత్తం పాలకవర్గాన్ని విమర్శించేదైనా, శిల్పం ఆ విమర్శను హరించగలదనడానికి ఇది మంచి ఉదాహరణ.

వద్దన్న మనిషి

కుట్ర కథలో లేని పాత్ర ఒకటుంది. వద్దని చెప్పి ఓడిపోయిన మనిషి. బోజలీ విచారణలో నిజం చెప్పి సహోద్యోగుల మధ్య వెలివేతకు గురయ్యారు, ఉద్యోగం వదిలారు. అనుమతి పత్రంపై సంతకం పెట్టనన్న మెక్‌డొనాల్డ్‌ను కంపెనీ చిన్న పనిలోకి తోసింది. కాంగ్రెసు జోక్యంతో తిరిగొచ్చి ఆ అతుకును కొత్తగా రూపొందించే పనికి నాయకత్వం వహించారు. ఎబెలింగ్ అనే మరో ఇంజనీరు తాను ఇంకా గట్టిగా వాదించి ఉండవలసిందని ముప్పయ్యేళ్లు కుమిలిపోయి 2016లో కన్నుమూశారు. మీట నొక్కే చీకటి గది ఉన్న కథలో వీరికి చోటు లేదు. అంతా ముందే నిర్ణయమై ఉంటే వద్దనడానికి అర్థమే లేదు గదా! ఎదిరించిన మనిషిని లేకుండా చేసే కథ అభ్యుదయ కథ ఎలా అవుతుంది?

ఇప్పుడు మళ్లీ కొలంబియా దగ్గరికి. అది రహస్య యాత్ర కాదు; పదహారు రోజుల శాస్త్ర పరిశోధన యాత్ర. 2003 జనవరి 16న బయల్దేరిన సుమారు 82 సెకండ్లకు ఇంధనపు ట్యాంకు నుంచి ముప్పాతిక కిలో నురగ ముక్క ఊడి ఎడమ రెక్కకు తగిలింది. నురగ ఊడటం అంతకుముందూ జరిగింది, మామూలైపోయింది. కింద ఉన్న ఇంజనీర్లకు భయం పట్టుకుంది. రెక్కను రక్షణ శాఖ వారి శక్తివంతమైన కెమెరాలతో ఫోటో తీయించమని మూడుసార్లు ప్రయత్నించారు. పైవారు అక్కర్లేదన్నారు. రాడ్నీ రోచా అనే ఇంజనీరు ఇది తప్పు, బాధ్యతారాహిత్యం అన్న అర్థంలో గట్టిగా ఒక ఉత్తరం రాసి, పంపలేకపోయారు. అచ్చు తీసి ఒక సహచరుడికి చూపించి ఊరుకున్నారు. నౌక రెక్కలోని చిల్లు పక్షం రోజులు అలాగే కక్ష్యలో తిరిగింది. సకాలంలో తెలిసి ఉంటే అట్లాంటిస్‌ను పంపి కాపాడటం కష్టమే గాని అసాధ్యం కాదని దర్యాప్తు సంఘం అభిప్రాయపడింది. ప్రమాదానికి నురగ ముక్క ఎంత కారణమో సంస్థ సంస్కృతి కూడా అంతే కారణమంది.

నా యువ మిత్రుడి కథలో సైన్యం రహస్య పరికరం కల్పనను చంపింది. నిజంలో సైన్యం రహస్య కెమెరాను వాడి చూడమని ఇంజనీర్లు బతిమాలారు, ఎవరూ వాడలేదు. ఆ పంపని ఉత్తరం ముందు చీకటి గదీ, మీటా ఎంత పేలవమైనవి! జీతం, పై అధికారి, సమావేశంలో నలుగురి ముందు వెర్రివాడిగా కనిపిస్తానేమోనన్న జంకు, ఇవి ఒక మనిషి చేతిని ఎలా పట్టుకున్నాయో రాయగలిగితే అది కథ. ఆ చేతిని పాఠకుడు గుర్తుపడతాడు. తాను పంపని ఉత్తరాలు గుర్తు చేసుకుంటాడు.

నేను పంపిన పొగడ్తను ఉపసంహరించుకుంటూ ఆ రచయితకు మళ్లీ రాశాను. కర్నాల్ పిల్లల ఘట్టాన్ని అలాగే ఉంచమన్నాను. మీటను తీసేసి, ఆ చోట ఉత్తరాన్ని పెట్టి చూడమన్నాను.